హైదరాబాద్‌లో పాత కారు పెట్టుకోవాలంటే అంబాసిడర్ నయమా, ప్రీమియర్ పద్మిని నయమా?

ఆదివారాలు ఇంటిల్లిపాదీ తిరగడానికి ఏది బాగుంటుంది, దేనికి ఖర్చు తక్కువ అని అడిగారు. రెండూ నడిపినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. నాన్నగారి 1984 అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. 1990 పద్మినిని ఏడేళ్లు నడిపి అమ్మేశాను.

సిటీలో పద్మినే హాయి. ఇంజిన్ 1089 సీసీయే అయినా బండి తేలిక, అబిడ్స్, కోఠి రద్దీలో చెప్పినట్టు వింటుంది. నాకు లీటరుకు 12 కిలోమీటర్ల దాకా ఇచ్చేది. 1489 సీసీ అంబాసిడర్ 9 దాటలేదు. పైగా పవర్ స్టీరింగ్ లేక పార్కింగ్‌లో తిప్పేసరికి భుజాలు పట్టేస్తాయి.

మనుషులు, సామాను ఎక్కితే మాత్రం తేడా తెలుస్తుంది. ఐదుగురం శ్రీశైలం నుంచి తిరిగొస్తూ ఈగలపెంట ఘాట్ ఎక్కుతుంటే పద్మిని సెకండ్ గేరు దాటలేదు, పైకొచ్చేసరికి రేడియేటర్లో నీళ్లు సలసలా మరిగాయి. అదే దారిలో అంబాసిడర్ చాలా చోట్ల థర్డ్‌లోనే లాగింది. వెనక సీట్లో అమ్మ హాయిగా నిద్రపోయింది.

మే నెలలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పద్మిని రెండుసార్లు ఆగిపోయింది. పెట్రోల్ పంపు వేడెక్కి లోపలి పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టయ్యేది. అంబాసిడర్‌కి ఈ బాధ తక్కువ, బానెట్ కింద గాలి ఆడటానికి చోటుంది.

అసలు డబ్బు తినేది తుప్పు. ఈ రెండు కార్లకీ విడిగా ఛాసిస్ ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది. అందుకే ఫ్లోర్ పుచ్చిపోతే కారే పోయినట్టు. నేను పద్మిని పెయింట్ మెరుపు చూసి కొన్నాను. మ్యాట్ల కింద రేకు ముక్కలు అతికి పైన పుట్టీ పూశారని మూడో నెలలో తెలిసింది. కొన్న ధరకన్నా టింకరింగ్‌కే ఎక్కువైంది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

విడిభాగాల విషయంలో అంబాసిడర్‌దే పైచేయి. అది 2014 దాకా తయారైంది. దానికి కావలసినవి చాలావరకు నాకు రాణిగంజ్‌లోనే దొరికాయి. పద్మిని తయారీ ఆగి పాతికేళ్లవుతోంది. గేర్ రాడ్డు బుషులు కూడా ముంబై నుంచి తెప్పించుకున్నాను. అక్కడ కూడా చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబర్‌లో ఆగిపోయింది, ఇక ముందు ఇంకా కష్టం.

కాబట్టి నా ఓటు అంబాసిడర్‌కే. ఇంట్లో ఇద్దరే ఉండి, ఊరు దాటకపోతే పద్మిని తీసుకోండి. ఏది కొన్నా చక్రాల దగ్గర గ్రీజు వేళకు పట్టించండి. వానలో డ్రమ్ బ్రేకులు సరిగా పట్టవు, ముందు బండికి దూరంగా ఉండండి. ఆర్‌సీ, ఫిట్‌నెస్ గడువు ఎప్పటిదాకా ఉందో బేరానికి ముందే చూడండి. బండి చూడటానికి మాత్రం గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్లండి. మ్యాట్లు ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, తడి తగిలితే వదిలేయండి.