హార్డ్ డిస్క్ మార్పు, ఉబుంటు మార్పు: ఒకేసారి చేయవచ్చా?

ప్రశ్న: ఇంట్లోని పాత కంప్యూటర్‌పై ఉబుంటు 20.04 ఆపరేటింగ్ సిస్టమ్‌తో మా గ్రంథాలయం వెబ్‌సైట్ నడుపుతున్నాను. హార్డ్ డిస్క్ టక్‌టక్‌మంటోంది. దాన్ని ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డ్రైవ్) మీదికి క్లోన్ చేసి, అంటే ఉన్నదున్నట్టు నకలు తీసి, 24.04కు మారవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అలా చప్పుడు చేసే డిస్క్‌ను ఇక ఒక్కరోజు కూడా నమ్మకండి, ముందు బ్యాకప్ తీయండి. డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే అవి పొంతన లేకుండా రావచ్చు కనుక, మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే సాధనంతో దాన్ని ఒక ఫైలుగా ఎగుమతి చేసి, దానితోపాటు సైట్ ఫోల్డర్‌ను, వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ అపాచీ సెట్టింగులను, సైట్ భద్రతా సర్టిఫికెట్లను మరో డ్రైవ్‌లో దాచండి. ఆ ఎగుమతి ఫైలు తెరిచి, చివరి పట్టికల వరకు వచ్చిందో లేదో కళ్లారా చూసుకోండి.

క్లోనింగ్‌ను నేను సిఫారసు చేయను. 20.04 నుంచి 24.04కు నేరుగా దూకడం కుదరదు, మధ్యలో 22.04 మెట్టు ఎక్కాలి. పాడవుతున్న డిస్క్‌లోని లోపాలూ వెంట వస్తాయి. పాత డిస్క్ కేబుల్ ఊడదీసి, ఎస్‌ఎస్‌డీపై 24.04ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలు. పొరపాటున పాత డిస్క్ ఫార్మాట్ అయ్యే ప్రమాదమూ ఉండదు.

బ్యాకప్‌ను కొత్త దానిపైకి తెచ్చేటప్పుడు, అసలు చిక్కు వెబ్‌సైట్‌ను నడిపే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ దగ్గర వస్తుంది. 20.04లో దాని 7.4 వెర్షన్ ఉండగా, 24.04లో 8.3 ఉంటుంది కాబట్టి, సైట్‌కు అదనపు సౌకర్యాలిచ్చే పాత ప్లగిన్లు కొన్ని మొరాయించవచ్చు. వాటిని ముందే పరీక్షించండి. 20.04కు ఉచిత సాధారణ భద్రతా సవరణలు 2025 మేలోనే ముగిశాయి గనుక మార్పును వాయిదా వేయకండి. కొత్త సర్వర్ కొన్ని వారాలు సజావుగా నడిచే వరకు పాత డిస్క్‌ను చెరపవద్దు.