ముందు నీ మెషీన్ మీద నడిపి చూడు, తల్లీ

చిట్టితల్లీ,

నువ్వూ నీ స్నేహితులూ కలిసి కంప్యూటర్ క్లబ్ పెడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాత ల్యాప్‌టాప్‌లకు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తారట, తెలిసిన చిట్కాలు రాసి అందరికీ పంచుతారట. వినగానే చాలా గర్వంగా అనిపించింది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మంచి పనే చేస్తున్నావు. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీలో కొద్దిమంది చేరి హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలుపెట్టారు. తర్వాత ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్-1 కంప్యూటర్ సర్క్యూట్ కాగితాలను ఆ క్లబ్బులో ఊరికే పంచిపెట్టాడు. తెలిసింది దాచుకోని మనుషుల మధ్య కూర్చుంటే ఎంత త్వరగా పని వస్తుందో నాకు తెలుసు. నేను నేర్చుకున్నదంతా అలా నేర్చుకున్నదే.

బ్యాకప్ రెండు చోట్ల ఉంచు. రోజూ రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో, లాగిన్ అయి పని చెయ్యకు. పవర్ తీశాకే స్క్రూడ్రైవర్ పట్టుకో. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. ఇంతవరకూ మీ అమ్మకి కూడా చెప్పలేదు.

సాటా అనే కొత్త రకం హార్డ్‌డిస్కులు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా క్లబ్బులో పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చెయ్యడం ముందుగా సాధించింది నేనే. ఆ ఉత్సాహంలో ఒక చోట ఉన్న డేటాని ఉన్నదున్నట్టు ఇంకో చోటికి కాపీ చేసే డీడీ కమాండ్ ఒక కాగితం మీద రాసి అందరికీ జిరాక్సులు ఇచ్చాను. దాంట్లో ఐఎఫ్ అంటే ఎక్కడి నుంచి, ఓఎఫ్ అంటే ఎక్కడికి. ఓఎఫ్ దగ్గర, లినక్స్ డిస్కుకి పెట్టే పేరు ‘ఎస్‌డీఏ’ అని రాశాను. నా మెషీన్‌లో ఐడీఈ అనే పాత రకం డిస్కు ఉండేది, దాని పేరు ‘హెచ్‌డీఏ’. పెన్‌డ్రైవ్ పెడితే ‘ఎస్‌డీఏ’ అని వచ్చేది. నా వరకూ అది అక్షరాలా సరైన కమాండే.

నా స్నేహితుడి దగ్గర కొత్త సాటా మెషీన్ ఉంది. అందులో ఎస్‌డీఏ అంటే అతని హార్డ్‌డిస్కు.

డీడీ ఏమీ అడగదమ్మా. ‘నిజంగా చెరిపెయ్యనా’ అని ఒక్క మాట కూడా అనదు. చెప్పిన చోట రాసేసి ఊరుకుంటుంది. అప్పట్లో పార్టిషన్ టేబుల్, అంటే డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక, ఉండేది డిస్కులో మొట్టమొదటి 512 బైట్లలోనే, కాబట్టి ముందు పోయింది అదే. మర్నాడు అతను మెషీన్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, “నువ్వు రాసినట్టే చేశాను” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

ఆ డిస్కులో చనిపోయిన వాళ్ల అమ్మ ఫొటోలున్నాయి. బ్యాకప్ లేదు. రాత్రంతా కూర్చుని, పోయిన ఫైళ్లు వెతికే ఫొటోరెక్ అనే ప్రోగ్రాం నడిపాను. అది పేర్లు చూడదు, డిస్కంతా వెతుక్కుంటూ జేపెగ్ ఫొటో ఆనవాళ్లున్న ముక్కల్ని ఏరుతుంది. చాలావరకు దొరికాయి. కానీ ‘అమ్మ, మేడ మీద’, ‘అమ్మ, కొత్త కళ్లజోడు’ అని అతను ఒక్కోదానికీ పెట్టుకున్న పేర్లన్నీ పోయాయి. వాటి బదులు ‘ఎఫ్’ అనే అక్షరం, దాని పక్కన ఏడు అంకెలు. అలాంటివి వందల కొద్దీ. తర్వాత రెండు ఆదివారాలు అతని పక్కన కూర్చున్నాను. అతను ఒక్కో ఫొటో చూసి చెబుతుంటే నేను పేరు టైప్ చేశాను. కొన్నింటికి అతనికీ గుర్తు రాలేదు.

అందుకే చెబుతున్నాను, విను. నువ్వు నడిపి చూడని కమాండ్ ఇంకొకరి చేతికి ఇవ్వకు. నడిపి చూశాక కూడా ఏ మెషీన్, ఏ వెర్షన్, ఏ తేదీ అన్నది పైన రాయి. డిస్కు పేరు ఎప్పుడూ రాసి ఇవ్వకు, కనుక్కునే పద్ధతి రాయి. డిస్కుల జాబితా చూపే ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ కమాండ్ కొట్టి సైజులు చూడమను, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ కొట్టి ఏ పేరు మాయమైందో చూడమను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో కొన్నింటి డిస్కులకు ఎన్‌వీఎంఈతో మొదలయ్యే పేర్లొస్తాయి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటివి రీబూట్ చేస్తే తారుమారు కూడా కావచ్చు. తప్పు జరిగితే ఎలా వెనక్కి రావాలో రాయి. వెనక్కి రాలేని పనైతే ఆ మాట మొదటి లైన్‌లోనే ఉండాలి, చివర్లో కాదు.

ఇంకో భయం. మీలో ఎవరో ఒకరు, పక్కవాళ్ల నెట్‌వర్క్‌లోకి వెళ్లి చూద్దాం, ఏం చెయ్యంలే అంటారు. ఒప్పుకోకు. 1988 నవంబర్‌లో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి ఇంటర్నెట్‌లోకి ఒక వర్మ్, అంటే తనంతట తానే మెషీన్ నుంచి మెషీన్‌కి పాకే ప్రోగ్రాం, వదిలాడు. ఫైళ్లు చెరపడం దాని పని కాదు. కానీ అప్పటికే సోకిన మెషీన్‌లోకి కూడా ఏడుసార్లలో ఒకసారి మళ్లీ దూరేలా రాశాడు. ఆ ఒక్క లెక్క తప్పి వేల మెషీన్లు కదల్లేక కూలబడ్డాయి, అతనికి కోర్టులో శిక్ష పడింది. అనుమతి లేని మెషీన్ జోలికి వెళ్లావని తెలిస్తే నేను ఊరుకోను. కోపంతో కాదు తల్లీ, నిన్ను ఆ బోనులో ఊహించుకోలేను.

కొత్తగా వచ్చినవాళ్లు అడిగిందే అడుగుతారు. విసుక్కోకు. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని మౌస్‌ని ఎందుకు మౌస్ అంటారని నువ్వు ఎన్నిసార్లు అడిగావో నాకింకా గుర్తుంది.

నా పాత మెషీన్‌కి ఒక ఖాళీ డిస్కు తగిలించి ఉంచాను. పోయినా ఫర్వాలేని డిస్కు. మీ మొదటి చిట్కా ఎవరికైనా ఇచ్చే ముందు నాకు పంపు. నువ్వు రాసింది రాసినట్టే కొట్టి చూసి, ఆ రాత్రే ఫోన్ చేస్తాను.

మీ మామయ్య