సార్క్ పెట్టుకుని ఏం ఒరిగింది? ఒక మిర్చి ఎగుమతి గుమాస్తా జవాబు

మీరు అడిగినవి రెండు. ఐరోపా దేశాల్లా ఆసియా దేశాలు ఎందుకు ఒక్కటి కాలేకపోతున్నాయి? భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఉండి మనకు ఏం ఒరిగింది? నేను ప్రొఫెసర్‌ని కాను. గుంటూరులో ఒక మిర్చి ఎగుమతిదారు దగ్గర పదహారేళ్లుగా కాగితాలు రాస్తున్నాను. శిఖరాగ్ర సమావేశాల గురించి నాకు తెలిసింది పేపర్లో చదివిందే. సరుకు ఎక్కడ ఎందుకు ఆగిందో మాత్రం కొనేవాళ్ల చేత ఫోనులో తిట్లు తిని నేర్చుకున్నాను. అందుకే రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను.

2017లో మా లారీలు మూడు బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గర ఆగిపోతే యజమాని నన్ను పంపించారు. కోల్‌కతా నుంచి ఎనభై కిలోమీటర్లు వెళితే పెట్రాపోల్ వస్తుంది. రెండు దేశాల మధ్య రోడ్డు వ్యాపారానికి అదే అన్నిటికంటే పెద్ద గుమ్మం. సరిహద్దుకు ముందున్న బన్‌గావ్ ఊళ్లో లారీలు బారులు తీరి ఉన్నాయి. మావి వచ్చి పదకొండు రోజులైంది. డ్రైవర్లు లారీ పక్కనే గ్యాసు పొయ్యి పెట్టుకుని పప్పుచారు కాచుకుంటున్నారు. పార్కింగ్ రుసుము రోజురోజుకూ పెరుగుతోంది. వంతు వచ్చాక కూడా లారీ ఢాకా వెళ్లదు. గేటు దాటి అవతల బెనాపోల్ యార్డు వరకే దానికి అనుమతి. అక్కడ హమాలీలు ప్రతి టిక్కీనీ, అంటే మిర్చి బస్తానీ, దించి బంగ్లాదేశ్ లారీలోకి ఎక్కించాలి. ఎండుమిర్చి టిక్కీ ఒకసారి దించి ఎక్కిస్తే ఏమవుతుందో యార్డులో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు. కాయ విరుగుతుంది, గింజ రాలుతుంది, తూకం తగ్గుతుంది. మా డ్రైవరు ఫోనులో ఫొటో తీసుకొచ్చాడు. చినిగిన టిక్కీ, బురదలో ఎర్రగా కాయలు, ముక్కుకు గమ్ఛా చుట్టుకున్న హమాలీ. ఆ తరుగు మా లెక్కలోనే పడింది.

ఇది మా ఒక్కరి గోడు కాదు. ఈ సరిహద్దు దాటడానికి రోజులు పడుతోందని, ఇంతే రద్దీ ఉన్న తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో ఆరు గంటల్లోపే పని అయిపోతోందని ప్రపంచ బ్యాంకు 2021లో లెక్క కట్టింది. తర్వాత ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకునే పద్ధతి వచ్చి నిరీక్షణ కొంత తగ్గింది. దించడం, ఎక్కించడం మాత్రం పోలేదు. ఒక దేశం లారీ ఇంకో దేశంలో తిరగడానికి 2014 కాఠ్‌మాండూ సార్క్ సమావేశంలో ఒప్పందం చేసుకోవాలనుకున్నారు. పాకిస్తాన్ ఒప్పుకోలేదు. సరే, ఆ దేశాన్ని పక్కన పెట్టి భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్ 2015 జూన్‌లో థింపూలో సంతకాలు చేశాయి. మరుసటి ఏడాది భూటాన్ ఎగువ సభ దాన్ని తిప్పికొట్టింది. ఒకటి రెండుసార్లు ప్రయోగానికి లారీలు నడిపారు, అంతే.

2018లో సింగపూర్‌లో మా తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు మలేషియాలోని జొహోర్ బారు చూద్దామని బస్సెక్కాం. సముద్రం మీద కిలోమీటరు పొడవున్న కట్ట అది. మలేషియా నంబరు ప్లేటుతో కూరగాయల లారీలు ఎదురుగా వస్తున్నాయి, తిన్నగా సింగపూర్ మార్కెట్టుకు. ఎవరూ ఏదీ దించడం లేదు. వృత్తి దోషం కాబోలు, నేను ఊరు చూడడం మానేసి లారీలు లెక్కపెట్టాను.

తేడా ఎక్కడుందంటే, అక్కడ సరుకు ముందు నడిచింది, సంతకాలు వెనక వచ్చాయి. 1985 తర్వాత జపాన్ యెన్ విలువ బాగా పెరిగిపోవడంతో ఆ దేశపు కంపెనీలు ఫ్యాక్టరీలను థాయిలాండ్‌కు, మలేషియాకు తరలించాయి. ఒకచోట చేసిన విడిభాగం మరోచోట బిగించాలి. సరిహద్దులో ఆలస్యమైతే ఫ్యాక్టరీ ఆగిపోతుంది. ఆ ఒత్తిడి ముందునుంచీ ఉండగా, ఈ ఆగ్నేయాసియా దేశాలు 1967లో పెట్టుకున్న కూటమి ఆసియాన్ స్వేచ్ఛా వాణిజ్యానికి ఒప్పుకున్నది 1992లో. మన వైపు ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 1985లో సార్క్, 2006 నుంచి దాని స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా. ఈ దేశాల మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది మాత్రం ఇరవయ్యోవంతు. ఆసియాన్‌లో అది ఐదోవంతు పైనే. భారత్, పాకిస్తాన్‌ల మధ్య సరుకు దుబాయ్ చుట్టి వెళ్లిన సంగతి వ్యాపారులందరికీ తెలుసు. 2014 తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు.

అలాగని ఆసియాన్ స్వర్గమని అనుకోకండి. 2010 నుంచి ఆ దేశాలతో మనకు సరుకుల ఒప్పందం ఉంది. సుంకం రాయితీ కావాలంటే సరుకు ఇక్కడే పండిందని చెప్పే ఫారం ఏఐ జతచేయాలి. దాని మీద మన అధికారి సంతకం, ముందుగా ఆ దేశానికి పంపిన నమూనా సంతకంతో సరిపోలాలి. ఒకసారి ఇక్కడ అధికారి మారారు. కొత్త సంతకం నమూనా అక్కడికి అందలేదు. కంటైనర్ రేవులో కూర్చుంది. కొన్నవాడు పూర్తి సుంకం కట్టి సరుకు విడిపించుకుని, ఆ మొత్తాన్ని మా బిల్లులో కోసేశాడు. ఆ నెల నా జీతం సంగతి వదిలేయండి.

ఇక సార్క్ పూర్తిగా దండగేనా? 2022 దాకా నేనూ అలాగే అనేవాణ్ణి. ఆ ఏడాది శ్రీలంకలో డాలర్లు అయిపోయాయి. మా దగ్గర కాయ కొనే ముదలాలి, అంటే కొలంబోలోని పేటా బజారు షావుకారు, రోజూ ఫోను చేసేవారు. నాకు వచ్చిన తమిళం చెన్నై రేవులో నేర్చుకున్నదే, ఆయన మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది: "పణం ఇరుక్కు తంబీ, డాలర్ ఇల్లై." రూపాయలు ఉన్నాయట, వాటిని డాలర్లుగా మార్చే దారి లేదట. ఆ జనవరిలో మన రిజర్వు బ్యాంకు శ్రీలంకకు ఇచ్చిన 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్, అంటే వాళ్ల డబ్బు తీసుకుని కొంతకాలానికి డాలర్లు ఇచ్చే సర్దుబాటు, సార్క్ ఏర్పాటు కిందిదే. పేపర్లో ఆ మాట చదివి నేను కళ్లు నులుముకున్నాను. సమావేశాలు ఆగినా, రెండు కేంద్ర బ్యాంకుల మధ్య ఆ గొట్టం పనిచేస్తూనే ఉంది.

మా డబ్బు చిక్కుకున్నది ఇంకో పాత గొట్టంలో. దాని పేరు ఆసియన్ క్లియరింగ్ యూనియన్. 1974లో పెట్టారు, ఆఫీసు టెహ్రాన్‌లో. సభ్య దేశాల కేంద్ర బ్యాంకులు ఎవరు ఎవరికి బాకీయో రాసుకుని, రెండు నెలలకోసారి మిగిలిన తేడా మాత్రమే చెల్లించుకుంటాయి. రోజులు బాగున్నప్పుడు డాలర్లు ఆదా. ఒక దేశం చేతులెత్తేస్తే అందరి బిల్లులూ ఆగుతాయి. ఆ జూలైలో రిజర్వు బ్యాంకు శ్రీలంకతో వ్యాపారాన్ని ఈ యూనియన్ బయట కూడా పరిష్కరించుకోవచ్చని చెప్పాక మా పని కదిలింది.

మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు ఇదీ. ఐరోపాలో ఒక దేశం అలిగితే దారి మూసేయడం తేలిక కాదు, పైన కోర్టు ఉంది, కమిషన్ ఉంది. ఇక్కడ ఒక నోటిఫికేషన్ చాలు. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ మన నూలును రోడ్డు మార్గంలో రానివ్వనంది. మే నెలలో మనవాళ్లు వాళ్ల దుస్తులకు ఆ దారే మూశారు. అదే ఏడాది జూన్‌లో మాత్రం నేపాల్ జలవిద్యుత్తు 40 మెగావాట్లు మన తీగల మీదుగా బంగ్లాదేశ్‌కు వెళ్లడం మొదలైంది. అది మధ్యలో ఎక్కడా దించి ఎక్కించే సరుకు కాదు మరి.

పేటా ముదలాలి బాకీ 2022 సెప్టెంబరులో తీర్చారు. కొత్త ఆర్డరు మాత్రం సగం కంటైనరే ఇచ్చారు.