హైదరాబాద్ బాల్కనీలో కెమీలియా బతుకుతుందా?

ఊటీ నుంచి కెమీలియా అనే పూల మొక్క తెచ్చి మియాపూర్ ఫ్లాట్‌లో కుండీలో పెంచొచ్చా అని అడిగారు. ఒకదాన్ని తెచ్చి చేతులారా చంపుకున్నాను కాబట్టి చెప్తున్నాను.

మూడేళ్ళ కిందట రెండు మొక్కలు తెచ్చాను. ఒకటి గులాబీలా పూసే కెమీలియా జపోనికా, రెండోది మనం తాగే టీ మొక్క. అదీ కెమీలియానే, శాస్త్రీయ నామం కెమీలియా సినెన్సిస్. తోటల్లో కత్తిరిస్తుంటారు కాబట్టి నడుము ఎత్తులో ఉంటుంది గానీ, వదిలేస్తే చెట్టవుతుంది.

రెండు నెలలకే కొత్త ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఎండదెబ్బేమోనని ఇంకో చెంబు నీళ్ళు పోశాను. అక్కడే దెబ్బతిన్నాను. వీటికి ఆమ్ల గుణమున్న మట్టి కావాలి, టీ మొక్కకైతే పీహెచ్ (ఆమ్ల గుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 5.5 దాకా. మా బోరు నీళ్ళేమో సున్నం ఎక్కువై బకెట్‌కి తెల్లచార కట్టే రకం. అవి పోసేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది, మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళకు అందదు. ఇది తెలిసేసరికి కెమీలియా పోయింది.

టీ మొక్కని మాత్రం ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఆకుల ఎరువు కలిపిన కొత్త కుండీలోకి మార్చి, చీలేటెడ్ ఐరన్ (వేళ్ళు సులువుగా పీల్చుకునే రూపంలోని ఇనుము) ఇచ్చాను. వేసవిలో ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పడతాను, వానాకాలం వాన నీళ్ళు, చలికాలం ఆర్ఓ నీళ్ళు. ఆర్ఓ నుంచి బయటికి పోయే వృథా నీళ్ళు మాత్రం వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. మా అత్తయ్య ప్రేమగా గుడ్డు పెంకులు వేయబోతే ఆపాల్సి వచ్చింది, అవీ సున్నమే కదా! పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నానికి గ్రీన్ నెట్ కప్పుతాను.

పోయిన నవంబరులో చిన్న తెల్ల పూలు పూసింది. రెండాకులు, ఒక మొగ్గ చొప్పున తుంచి బాణలిలో వేయించి చూశాను. కిలో టీపొడికి నాలుగైదు కిలోల పచ్చి ఆకు కావాలి, నాకు వచ్చింది ఒక కప్పు. ఇరానీ చాయ్ ఆశలు పెట్టుకోకండి.

పూల కోసమే అయితే కెమీలియా వద్దంటాను. మొగ్గ నిలవాలంటే చల్లదనం కావాలి, మేలో 40 దాటే మన ఊళ్ళో అది కష్టం. నందివర్ధనం పెట్టుకోండి. లేదు, తెచ్చి తీరతానంటే జూన్ వానలు పడ్డాకే తెండి.