పండుగ ఊరందరిదీ, వంట మీ ఒక్కరిదా?

సమస్య: మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. అందరం ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) వాళ్లమే. ఏటా ఫిబ్రవరి 11న లూర్దుమాత తిరునాళ్లు. పదిహేనేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాం. మావారు తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఆ పండుగ జరిపిస్తున్నారు. మా వైపు కుటుంబాలు పాతిక దాకా వస్తాయి. నవదిన ప్రార్థనలు మా ఇంట్లోనే. చివరిరోజు నూట ఇరవై మందికి భోజనాలు, వంట నాదే. తేదీ మార్చడానికి ఆయన ఒప్పుకోరు. 2026లో బుధవారం వస్తే ఆఫీసుకు సెలవు పెట్టి వండాను. పదహారేళ్ల మా అబ్బాయి తేరు పట్టుకోనన్నాడు. ‘అది మీ ఊరు, నాది కాదు’ అన్నాడు. నెల రోజులుగా ఆయన వాడితో మాట్లాడటం లేదు. మామగారు మూడేళ్ల కిందట పోయారు. ఊళ్లో తేరు మోసేటప్పుడు ముందు వరసలో ఆయనే ఉండేవారు. వీసా చిక్కులవల్ల కడసారి చూపుకు వెళ్లలేకపోయాం. పండుగ మానేద్దామంటే మాత అలుగుతుందేమోనని భయం. ఏం చేయాలి?

సలహా: అమ్మా, ముందు ఆ భయం సంగతి. 1858లో ఫ్రాన్సులోని లూర్దు గుహ దగ్గర మరియతల్లి కనిపించింది కట్టెపుల్లలు ఏరుకోవడానికి వెళ్లిన పద్నాలుగేళ్ల పేదింటి పిల్లకు. పొయ్యి కష్టం తెలిసిన పిల్లను ఎంచుకున్న తల్లి, మీరు ఒక ఏడాది గరిటె దించారని అలుగుతుందా? ప్రస్తుతం అలిగి కూర్చున్నది మీ ఇంట్లోని మనుషులే.

మీ ఉత్తరంలో ‘వంట నాదే’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఊళ్లో తిరునాళ్ల వంట ఎవరిదో గుర్తు తెచ్చుకోండి. గాడిపొయ్యి తవ్వేవాళ్లు వేరు, ఉల్లిపాయలు తరిగేవాళ్లు వేరు, గుండిగలు దించే కుర్రాళ్లు వేరు. తేరుకు పూలు కట్టేది ఒక వీధివాళ్లు, చందా పుస్తకం పట్టుకుని తిరిగేది పెద్దలు, మైకు సెట్టుకు కాపలా పడుకునేది ఇంకెవరో. మీ అత్తగారు ఒక్కరే ఊరంతటికీ వండిన ఏడాది ఒక్కటైనా ఉందా? మీరు పండుగను విమానం ఎక్కించారు గానీ ఆ పనుల పంపకాన్ని అక్కడే వదిలేశారు. పాతిక కుటుంబాలూ చుట్టాల్లా వచ్చి, తిని, చేయి కడుక్కుని వెళ్తున్నాయి. నవదినాలను తొమ్మిది ఇళ్లకు పంచండి. భోజనానికి ఇంటికో వంటకం చెప్పండి. పులిహోర ముగ్గురు తెచ్చినా కొంప మునగదు. అడగడానికి మొహమాటం ఉంటుంది. అందుకే అడిగే పని మీది కాకుండా మీవారికి అప్పగించండి. పండుగ ఆయనదే కదా.

ఇక తేదీ. ఇటలీలో నేపుల్స్ దగ్గర నోలా అనే ఊరుంది. పునీత పౌలీనుస్ పేరిట అక్కడివాళ్లు జూన్‌లో ఎనిమిది ఎత్తైన గోపురాలను, ఒక పడవను భుజాలమీద ఊరేగిస్తారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు వలస వెళ్లిన నోలావాళ్లు 1903 నుంచి ఆ పండుగ అక్కడ చేస్తున్నారు. అక్కడ గోపురం ఒక్కటే. నెల కూడా జూలైకి మారింది, ఆ విచారణలో (చర్చి పరిధిలో) జరిగే కార్మెల్ మాత పండుగతో కలిసిపోయింది (మన ఫిరంగిపురం కొండమీది మాతే). గోపురాలు తగ్గాయి, నెల మారింది, అయినా వాళ్లు ఇప్పటికీ మోస్తూనే ఉన్నారు. అంతదూరం ఎందుకు, మన గుణదలనే చూడండి. 1924లో ఫాదర్ ఆర్లాటి అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. తలనీలాలు, కొబ్బరికాయలు ఫ్రాన్సు నుంచి రాలేదు, మనవాళ్లు చేర్చుకున్నవే. మీవారు అంత గట్టిగా పట్టుకున్న పండుగే ఒకసారి సముద్రం దాటి వచ్చి మన పద్ధతికి మారింది.

ఫిబ్రవరి 11 ఆదివారం పడాలంటే 2029 దాకా ఆగాలి. 2027లో మరో చిక్కుంది. ఈస్టరుకు ముందు ఉపవాసాల తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారం ఫిబ్రవరి 10న వస్తోంది, మర్నాడే మీ పండుగ. తపస్సుకాలం మొదలైన రెండోరోజు కోడికూర విందు ఊళ్లోనైనా పెద్దలు ఒప్పుకుంటారా? ఫిబ్రవరి 7 ఆదివారం బాగుంటుంది. మీ విచారణ గురువుల అనుమతి ముందే అడగండి. 11న సాయంత్రం ఇంట్లో కొవ్వొత్తి వెలిగించి జపమాల చెప్పుకుంటే ఆయన తేదీ ఆయనకు దక్కుతుంది.

ఆయన పట్టుదల వెనుక తేదీ కన్నా పెద్ద విషయం ఉంది. తండ్రి పాడె మోయలేకపోయిన కొడుకు తండ్రి మోసిన తేరును వదలలేకపోతున్నాడు. కొడుకు ‘నాది కాదు’ అన్నప్పుడు ఆయనకు వినబడింది ‘తాత నాకేమీ కాడు’ అని. పిల్లవాడు అన్నది అది కాదు. వాడు ఎరగని ఊరు, పెరగని వీధి, అర్థంకాని తెలుగు ప్రార్థన. ఉన్నమాటే చెప్పాడు, దానికి నెల రోజుల మౌనం శిక్ష ఎక్కువే. పెద్దవాడు గనుక ముందు ఆయనే మాట కలపాలి. ఈ సంగతి మీరు వంటింట్లో అలసటమీద అనవద్దు, కారులో ఇద్దరే ఉన్నప్పుడు మెల్లగా చెప్పండి. మామగారి పేరిట మీ ఊరి గుడిలో ఒక పూజ చెప్పించండి. వీసా చిక్కు తీరితే ఒక ఫిబ్రవరిలో ఆయన్ను ఊరికి పంపండి, అబ్బాయి వస్తానంటే వాడినీ. ఈ ప్రయాణానికయ్యే ఖర్చు దండగ కాదు.

అబ్బాయికి తేరు అంటగట్టకండి. అక్కడ పుట్టిన పిల్లలకు తొమ్మిది రోజుల ప్రార్థన అర్థమయ్యేలా ఇంగ్లీషులో రాసిపెట్టగలవా అని అడగండి. కాదంటే వదిలేయండి, మళ్లీ ఏడాది అడగవచ్చు.

అన్నట్టు, తేదీ మార్పు గురించి అత్తగారికి మీరు ఫోను చేయకండి. కోడలు మార్పించిందన్న మాట ఊరంతా పాకుతుంది. ఆమె కొడుకు చేతే చెప్పించండి.