చీటీల లెక్క సరిపోయినా వరండా ఎందుకు ఖాళీ కాదు?

ప్రశ్న: నేను కడపలోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నిర్వహణ చూస్తుంటాను. మా ఫిజీషియన్ గారు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు, అంటే 300 నిమిషాలు, ఓపీ చూస్తారు. రోజుకు 60 చీటీలే ఇస్తాము. మనిషికి సగటున 4 నిమిషాల చొప్పున 240 నిమిషాల్లో పని ముగిసి, ఒక గంట మిగలాలి. కానీ 2 గంటలకు కూడా వరండాలో ఇరవై మంది కూర్చునే ఉంటారు. ఇంకో డాక్టరును తీసుకుందామని యాజమాన్యం అంటోంది. ముందు కంప్యూటర్‌లో సిమ్యులేషన్ (ఓపీ నడకను అనుకరించడం) చేసి చూడమని మా అల్లుడు అంటున్నాడు. దానివల్ల ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: మీ అల్లుడి మాట వినండి. అయితే కంప్యూటర్ తెరిచే ముందు ఒక పూట డాక్టరు గది బయట నోటుబుక్కుతో కూర్చుని, లోపలికి ఎన్నిసార్లు మనుషులు వెళ్లారో గీతలు పెట్టి లెక్కించండి. 60 గీతలతో ఆ పేజీ ఆగదు. రక్తపరీక్షకో ఎక్స్‌రేకో వెళ్లినవారు రిపోర్టు పట్టుకుని మళ్లీ అదే తలుపు దగ్గరికి వస్తారు. వారు సగం మంది ఉంటారనీ, రిపోర్టు చూసి మందులు రాయడానికి 2 నిమిషాలు పడుతుందనీ అనుకుంటే 30 మందికి 60 నిమిషాలు అవుతుంది. మీకు మిగలాల్సిన గంట అక్కడే ఖర్చయిపోయింది.

పోనీ 300కు 300 సరిపోయింది కదా అంటే, క్యూ విషయంలో అలా సరిపోవడమే ప్రమాదం. రోగులు వచ్చే వేళలూ, ఒక్కొక్కరికి పట్టే సమయమూ ఏ క్రమమూ లేకుండా మారుతుంటాయనుకుని పాఠ్యపుస్తక సూత్రంతో లెక్క వేస్తే, సగటున 4 నిమిషాలు తీసుకునే డాక్టరు తన సమయంలో 80 శాతం పనిలో ఉన్నప్పుడు రోగి సగటు నిరీక్షణ 16 నిమిషాలు. 90 శాతమైతే 36. 95 శాతమైతే 76. పని కొంచెమే పెరిగినా నిరీక్షణ రెట్టింపులకు రెట్టింపులుగా పెరగడానికి కారణం, ఖాళీగా గడిచిన నిమిషాన్ని డాక్టరు దాచిపెట్టుకుని రద్దీవేళ వాడుకోలేకపోవడమే.

మీ ఆసుపత్రికి ఆ సూత్రం కూడా పూర్తిగా నప్పదు. బద్వేలు, రాయచోటి, జమ్మలమడుగు వైపు నుంచి పొద్దుటి బస్సులు దిగినవారు ఒకరి వెనుక ఒకరు కాకుండా గుంపుగా వస్తారు; ల్యాబ్‌లో నమూనాలు కొన్ని పోగయ్యాకే యంత్రంలో పెడితే రిపోర్టులూ గుంపుగానే బయటపడతాయి. సిమ్యులేషన్ పనికొచ్చేది ఇలాంటి చోటే. చీటీ కౌంటరు, డాక్టరు గది, ల్యాబ్, మందుల కౌంటరు ఒక్కొక్కదాన్నీ కంప్యూటర్‌లో ఒక మజిలీగా రాసి, రోగులు వచ్చే వేళలనూ ప్రతి చోటా పట్టే సమయాన్నీ మీరు సేకరించిన లెక్కల నుంచి యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచుకుంటూ, ఒకే పనిదినాన్ని కొన్ని వందల సార్లు నడిపిస్తారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసిన కుర్రవాడు ఉంటే ‘సింపై’ అనే ఉచిత సాధనం చాలు.

కష్టమంతా లెక్కల సేకరణలోనే ఉంది. రెండు వారాలపాటు ప్రతి చీటీ వెనుక నాలుగు వేళలు రాయించండి: చీటీ తీసుకున్నది, డాక్టరు గదిలోకి వెళ్లింది, బయటికి వచ్చింది, రిపోర్టుతో తిరిగి వెళ్లింది. సగటు ఒక్కటే తీసుకుంటే మోసపోతారు. 2 నిమిషాలు పట్టినవారూ 15 నిమిషాలు పట్టినవారూ విడివిడిగా కనబడాలి. డాక్టరు గారు వార్డుకు పరుగెత్తిన వేళలనూ, ‘మనవాళ్లే’ అంటూ పక్క తలుపు గుండా లోపలికి పంపినవారినీ (ఈ వరుస రాయడానికి సిబ్బంది మొహమాటపడతారు) వదలకండి. ఆ తర్వాత కంప్యూటర్‌లో రాసిన ఓపీ నమూనాను ఇప్పుడున్న పద్ధతిలోనే నడిపించి, 2 గంటలకు వరండాలో ఆ ఇరవై మందే తేలుతున్నారో లేదో చూడాలి. తేలకపోతే అది మీ ఆసుపత్రి కాదు, ఇంకెవరిదో.

అది కుదిరాక ఒక్కొక్క మార్పే చేసి చూడండి. రెండో డాక్టరు వస్తే పరీక్షల చీటీలు త్వరత్వరగా ల్యాబ్ మీద పడి క్యూ అక్కడికి మారుతుందేమో, రిపోర్టులవారికి 12 తర్వాత విడిగా వేళ కేటాయిస్తే ఏమవుతుందో, ల్యాబ్‌లో రక్త నమూనాలను పోగుపడనీయకుండా పరీక్షిస్తే ఎంత కలిసివస్తుందో జీతం ఖర్చు లేకుండానే తెలుస్తుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1952లోనే ఇంగ్లండ్‌లో నార్మన్ బెయిలీ అనే గణాంకవేత్త ఓపీ క్యూలను కంప్యూటర్ లేకుండా చేతిలెక్కతో ఇలాగే అనుకరించి, మొదట ఇద్దరిని రమ్మని, మిగిలినవారికి సగటు పరీక్షా సమయమంత ఎడంతో వేళలు ఇవ్వడం మంచిదని తేల్చాడు. బస్సు మీద ఆధారపడినవారికి నిమిషాల లెక్కన వేళ ఇవ్వలేము కనుక, దూరపువారికి ఒక గంటా, ఊళ్లోవారికి మరో గంటా అన్నట్టు ఇవ్వడమే మీకు నప్పుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న: మా ఐసీయూలో 10 పడకలకు సగటున 7 పడకల అవసరమే ఉంటుంది. అయినా ‘పడక లేదు’ అని ఎందుకు తిప్పి పంపవలసి వస్తోంది?
– ఒక నర్సు, కర్నూలు

జవాబు: డెన్మార్క్ టెలిఫోన్ ఇంజనీరు ఎర్లాంగ్ లైను ఖాళీ లేక ఎన్ని కాల్స్ కలవవో లెక్కగట్టడానికి 1917లో ప్రచురించిన సూత్రం మీ పడకలకూ వర్తిస్తుంది. రోగులు యాదృచ్ఛికంగా వస్తూ, 7 పడకల అవసరానికి 10 పడకలు ఉంటే, వచ్చిన ప్రతి వందమందిలో దాదాపు 8 మందికి పడక దొరకదు. అలాంటి రెండు యూనిట్లను కలిపి, 14 పడకల అవసరానికి 20 పడకలు ఉంచితే ఆ సంఖ్య 3కు తగ్గుతుంది. కనుక పడకలు కొనమని అడిగే ముందు, మెడికల్, సర్జికల్ ఐసీయూల మధ్యనున్న గోడ గురించి మీ సూపరింటెండెంట్ గారితో మాట్లాడండి.