బండి సందేహాలు: పాత జీపు కొన్నాక ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

ప్రశ్న: మాస్టారూ, మాది నర్సీపట్నం. మా బాబాయి స్నేహితుడి దగ్గర 1974 మోడల్ హై బానెట్ జీపు కొన్నాను. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉంది, బానెట్ ఎత్తితే ప్యూజో డీజిల్ ఇంజన్ కనిపిస్తోంది. 31 అంగుళాల టైర్లు, ముందు వించ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు), పైన ఎల్‌ఈడీ బార్, రోల్ బార్ అన్నీ ఉన్నాయి. యాక్సిల్ కింద ఉండే కమాన్లను (పట్టీల స్ప్రింగులను) మీదికి ఎక్కించి బండి ఎత్తు పెంచారు. చూడ్డానికి అదిరిపోతుంది. కానీ 50 దాటాక చక్రం గుంతలో పడితే స్టీరింగ్ చేతుల్లో ఊగిపోతోంది. లంబసింగి ఘాట్ దిగుతుంటే ఒకసారి బ్రేకు పెడల్ కిందికి పోయింది. పవర్ చాలట్లేదు, టర్బో పెట్టిద్దామని ఉంది. మంచిదేనా? యాభై ఏళ్ళు దాటింది కాబట్టి వింటేజ్ నంబర్ వస్తుందా? – కె.ఎస్.

జవాబు: ఘాట్‌లో పెడల్ కిందికి పోయిన బండికి పవర్ పెంచుతానంటారేంటి బాబూ! టర్బో సంగతి ఈ ఏడాదికి మర్చిపోండి.

మీ జీపులో సగం ఫ్యాక్టరీ పని, సగం ఎవరెవరో షెడ్లలో చేయించిన పని. మొదటిదానికి మాన్యువల్ ఉంది, రెండోదానికి లేదు. పాత ఓనరు మీ ఫోను ఎత్తుతున్నప్పుడే అడిగి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఈ బ్రేకు మాస్టర్ సిలిండర్ ఏ బండిది? క్లచ్ ప్లేటు దేనిది? యాక్సిల్‌కి పవర్ తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎక్కడ కోసి అతికించారు? ముందు హబ్బులు మార్చారా? రేపు ఏదైనా పోతే షాపులో ‘జీపుది ఇవ్వండి’ అంటే మీ బండికి సరిపోయేది రాదు. ఇంజన్ ఒక మోడల్‌ది, గేర్ బాక్స్ ఇంకో మోడల్‌ది, మధ్యలో అడాప్టర్ ప్లేటు ఎవరో లేతు మీద తీసింది అయి ఉంటుంది.

ముందు వాబ్లింగ్, అంటే ఆ స్టీరింగ్ ఊపు సంగతి. దీనికి ఊపును అణిచే స్టీరింగ్ డాంపర్ పెడితే పోతుందని షాపులో చెబుతారు. కొన్నాళ్ళు తెలియకుండా ఉంటుంది, అంతే. లోపల అరిగినది అరుగుతూనే ఉంటుంది. ముందు యాక్సిల్‌ని ఎత్తి కింద స్టాండ్లు పెట్టండి. జాకీ మీద వదిలేసి మాత్రం కిందికి దూరొద్దు. టైరును పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ప్లే (వదులు) తెలిస్తే, లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ప్లే మాయమైతే అది వీల్ బేరింగు. తొక్కినా ఇంకా ఆడుతుంటే కింగ్ పిన్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన పిన్. మా ఐటీఐలో పిల్లలకి మొదటి నెలలోనే నేర్పే పని ఇది. అయినా కింగ్ పిన్ పోయిన బండికి బేరింగులు మార్చి బిల్లు వేసే మేస్త్రీలకు కొదవ లేదు. ఈ జీపుల్లో కింగ్ పిన్ బిగుతు సన్నటి రేకు షిమ్ములతో సరిచేస్తారు. బేరింగు బాగుంటే ఒకటి రెండు షిమ్ములు తీసినా చాలు, దానికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

తర్వాత చక్రాలు నేల మీదికి దించి, ఒకరిని స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ తిప్పమని మీరు కింద పడుకుని చూడండి. ఏ జాయింటు దగ్గర ఒక ముక్క కదిలి పక్క ముక్క కదలకుండా ఉందో అక్కడే అరుగుదల. హై బానెట్ జీపుకి స్టీరింగ్ బాక్స్ నుంచి రాడ్డు సరాసరి చక్రానికి పోదు. మధ్యలో బెల్ క్రాంక్ అని ఒక ముక్క ఉంటుంది, అక్కణ్ణుంచి రెండు టై రాడ్లు రెండు వైపులకీ పోతాయి. ఆ బెల్ క్రాంక్ బుష్షులకు గ్రీజు పెట్టేవాడు అరుదు. మీ బండిలో అదింకా ఉంటే అనుమానం ముందు దాని మీదే.

ఇవన్నీ బాగున్నా ఊపు తగ్గకపోతే తప్పు ఎత్తు పెంచిన పనిలో ఉందన్నమాట. కమాన్లు యాక్సిల్ మీదికి ఎక్కించాలంటే అవి కూర్చునే కొత్త సీట్లు యాక్సిల్ మీద వెల్డింగ్ చెయ్యాలి. ఆ వెల్డింగ్‌లో కోణం కాస్త తప్పినా క్యాస్టర్, అంటే కింగ్ పిన్ వాలు, పోతుంది. కింగ్ పిన్ పైభాగం కొద్దిగా వెనక్కి వాలి ఉంటేనే చక్రం తనంతట తాను తిన్నగా వస్తుంది. ఆ వాలు పోయిన బండి స్పీడులో ఊగక మానదు. కోణం కొలిచే పరికరం ఉన్న అలైన్‌మెంట్ షాపుకి వెళ్ళి క్యాస్టర్ ఎంత ఉందో కాగితం మీద రాయించుకోండి. చాలాచోట్ల టో (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో) మాత్రమే చూసి పంపించేస్తారు. నన్నడిగితే, కమాన్లు మళ్ళీ కిందికి దింపించి 6.00–16 టైర్లకు వచ్చేయండి. ఫోటోల్లో అందం తగ్గుతుంది, నిజమే. లంబసింగి, చింతపల్లి రోడ్లకు ఆ ఎత్తుతో పని లేదు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి పోయే సర్వీసు జీపులు చూడండి, అవన్నీ ఎత్తు పెంచిన బండ్లా?

బ్రేకుల విషయంలో మీరు ఒక సంగతి రాయలేదు. చల్లారాక పెడల్ మళ్ళీ పైకి వచ్చిందా? వస్తే బ్రేకాయిల్ మరిగినట్టు. పాత ఆయిల్ గాలిలోని తడి పీల్చుకుని ఉంటుంది, డ్రమ్ములు వేడెక్కగానే లోపల ఆవిరి పడుతుంది, పెడల్ దూదిలా అయిపోతుంది. రెండు మూడు సార్లు కొడితే పైకి వచ్చేదైతే బ్రేకు షూలు అడ్జస్ట్ చెయ్యాలి. తొక్కి పట్టుకుంటే నిదానంగా కిందికి జారుతుంటే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయాయి. ఏదైనా సరే, నాలుగు వీల్ సిలిండర్లకు కిట్లు, కొత్త హోసులు, కొత్త ఆయిల్ ఒకేసారి వేయించండి. ఈ జీపుకి నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే లైను. ఒక్క హోసు పగిలితే నాలుగూ పోతాయి. ఎత్తు పెంచిన బండిలో పాత హోసు పొట్టిదైపోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం గాలిలో వేలాడేటట్టు ఎత్తి చూస్తే అది సాగి బిగుసుకోవడం మీకే కనిపిస్తుంది. దానికి తోడు టైరు పెద్దదైనకొద్దీ అదే డ్రమ్ముకి పని పెరుగుతుంది. స్పీడో మీటరు పనిచేస్తుంటే అదీ తక్కువ చూపిస్తుంది. అది 60 అన్నప్పుడు మీరు 65లో ఉంటారు.

ఇక హ్యాండ్ బ్రేకు. కొత్తగా జీపు కొన్నవాళ్ళకు ఎవరూ చెప్పని సంగతి ఇది. మన కార్లలోలాగా ఇది వెనక చక్రాల మీద పనిచెయ్యదు. ట్రాన్స్‌ఫర్ కేసు (పవర్‌ని ముందు, వెనక యాక్సిళ్ళకు పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉన్న చిన్న డ్రమ్మును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి జాకీతో లేపారనుకోండి, రెండు చక్రాలనూ వేరువేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం ఒకవైపు తిరుగుతుంది, నేల మీదున్న చక్రం రెండోవైపు దొర్లుతుంది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి ఉన్నా బండి జాకీ మీంచి జారిపోతుంది. వాలులో పంక్చర్ పడితే ముందు చక్రాలకు రాళ్ళు పెట్టకుండా జాకీ ముట్టుకోవద్దు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక సీలు లీకైతే ఆయిల్ సరాసరి ఆ డ్రమ్ములోకే పోతుంది. హ్యాండ్ బ్రేకు పట్టట్లేదని కేబుల్ బిగించేవాళ్ళు ముందు అక్కడ తడి చూడాలి.

చాసిస్‌ని ఎండలో, తీరిగ్గా చూడండి. చిన్న సుత్తితో తడుతూ పోతే గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, తుప్పు తిన్నది బొదబొదమంటుంది. బాడీ మీద గుడ్డలో చుట్టిన అయస్కాంతం జరపండి. అది పట్టని చోట రంగు కింద మందంగా లప్పం ఉంది. చీలికలు ఎక్కువగా వచ్చేది స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట, కమాన్ హ్యాంగర్ల దగ్గర, డీజిల్ ఇంజన్ కోసం కొత్తగా అతికించిన మౌంటింగుల దగ్గర. వైరు బ్రష్షుతో మడ్డి గీకి చూస్తే వెంట్రుక లాంటి గీత కనిపిస్తుంది. రోల్ బార్ కింది బోల్టులు కూడా చూడండి. వట్టి ఫ్లోర్ రేకుకే బిగించి ఉంటే బండి పల్టీ కొట్టినప్పుడు రేకు చీల్చుకుని ఊడిపోతుంది, అది షోకు కోసమే. వించ్‌కీ ఎల్‌ఈడీకీ బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా లాగిన వైర్లుంటే వెంటనే పీకేయండి.

వెనక హబ్బుల నట్లు విప్పి చూడమని మీ మేస్త్రీకి చెప్పండి. ఈ యాక్సిల్ షాఫ్టుల చివర టేపరు మీద ‘కీ’తో హబ్బు కూర్చుంటుంది. నట్టు లూజైతే కీ తెగిపోతుంది, ఇంజన్ తిరుగుతున్నా బండి కదలదు. స్ప్లిట్ పిన్ లేకుండా మేకు వంచి పెట్టిన హబ్బులు నేను చూశాను. డిఫరెన్షియల్ ఆయిల్ మజ్జిగ రంగులో వస్తే గతంలో ఎవరో వాగు దాటించి వదిలేశారని అర్థం. అలాంటిదైతే బేరింగులు కూడా చూడాలి.

ఇంజన్ గురించి అంత భయం అక్కర్లేదు. ఫ్యాక్టరీ మీ బండికి ఇచ్చింది హరికేన్ అనే 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్. దాని ఎత్తుకి చోటు కోసమే అమెరికా జీపు కంపెనీ విల్లీస్ 1953లో బానెట్ ఎత్తు పెంచింది, హై బానెట్ అనే పేరు అలా వచ్చింది. పెట్రోల్ ఖర్చు భరించలేక జనం డీజిల్ వేయించుకున్నారు. కాగితం మీద హార్స్ పవర్ చూస్తే ఆ పెట్రోల్ ఇంజనే ఎక్కువ. మీకు పవర్ చాలకపోవడానికి ఆ పెద్ద టైర్లు కూడా ఒక కారణం. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ నిలబడుతోందా, ఆయిల్ మూత తీస్తే పొగ తన్నుకొస్తోందా, ఘాట్ ఎక్కితే టెంపరేచర్ పెరుగుతోందా, ఈ మూడూ చూసుకుని నడపండి. గేర్ బాక్స్ పాత మూడు గేర్లదే అయితే ఫస్ట్ గేర్‌కి సింక్రో (గేర్లు కిర్రుమనకుండా కలిపే ఏర్పాటు) లేదు. బండి పూర్తిగా ఆపి వెయ్యండి. కిర్రుమందని గేర్ బాక్స్ విప్పించుకోకండి.

కాగితాల సంగతి నిజానికి అన్నిటికంటే ముందు చెప్పాలి. మీరు ఇప్పటికే డబ్బిచ్చేశారు కాబట్టి చివరకు పెట్టాను. పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ నంబర్ మీకు రాదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటితే సరిపోదు. బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. పైగా ఆ నంబర్ ఉన్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పుకోనివ్వరు. మీరు కొన్నది కొండెక్కడానికి కదా, మీకెందుకా నంబర్?

అసలు చిక్కు డీజిల్ ఇంజన్‌తో. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేటట్టు బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద తీర్పిచ్చింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వేయొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట చూసేది ఆర్‌సీలో ఇంధనం, ఇంజన్ నంబర్లే. డీజిల్ ఇంజన్ వేసిన రోజుల్లో అనుమతి తీసుకున్న కాగితం పాత ఓనరు దగ్గర ఉందేమో గట్టిగా అడగండి. లేకపోతే ఆర్‌సీ పట్టుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని నేరుగా కలిసి దారి ఏమైనా ఉందేమో కనుక్కోండి. ఏజెంటు ‘అంతా నేను చూసుకుంటా సార్’ అంటే నమ్మొద్దు. దారి లేదంటే మంచి హరికేన్ ఇంజన్ వెతికి మళ్ళీ పెట్రోల్‌కి రావడమే. ఖర్చు మండిపోతుంది, కానీ బండి కాగితంతో సరిపోతుంది.

ప్రశ్న: మావారు ‘ఆర్మీ వేలం జీపు’ అని ఒకటి చూసి వచ్చారు. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదట, చౌకగా ఇస్తామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. – ఎల్.ఆర్., సికింద్రాబాద్

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉందమ్మా. అడ్వాన్సు ఇవ్వకముందే వేలంలో పాడుకున్న కాగితం, బండి అప్పగించిన రిలీజ్ ఆర్డర్ జిరాక్సులు తీసుకోండి. వాటిలో చాసిస్, ఇంజన్ నంబర్లు ఉన్నాయా, వేలంలో కొన్న మనిషీ మీకు అమ్ముతున్న మనిషీ ఒకరేనా చూడండి. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకురమ్మని మీవారికి చెప్పండి. అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నా, అక్కడ మాత్రమే గ్రైండింగ్ గీతలున్నా, చుట్టూ పాత రంగుండి అక్కడొక్కచోటే కొత్త రంగున్నా ఆ బండి ఊసెత్తొద్దు. అంతా బాగుంటే ఆ జిరాక్సులతో ఆర్‌టీఏ ఆఫీసుకి వెళ్ళి ఈ బండి మా పేరు మీద రిజిస్టర్ అవుతుందా అని అడగండి. అవుతుందన్నాకే డబ్బు. ‘ముందు తీసుకెళ్ళండి, తర్వాత చేయించుకోవచ్చు’ అన్నారంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ప్రశ్న: మా జీపు బురదలోంచి బయటికి వచ్చి తారు రోడ్డెక్కాక ఫోర్ వీల్ లివర్ వెనక్కి రావట్లేదు. సుత్తితో కొట్టాల్సి వస్తోంది. – ఎం.వి., రంపచోడవరం

జవాబు: సుత్తి పక్కన పెట్టండి. ఈ జీపుల్లో ముందు, వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే జారి సర్దుకుంటాయి, తారు మీద జారవు, ఆ బిగుతంతా గేర్లలో కూర్చుంటుంది. బండిని తిన్నగా పెట్టి కొన్ని గజాలు రివర్సు చేయండి, లివర్ తేలిగ్గా వస్తుంది. ఇకమీదట బురద దాటి తారు ఎక్కకముందే తీసేయండి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదలలో ఉన్నాయా కూడా చూడండి. ముందు కొత్తవి, వెనక బోడివి ఉన్నా ఇదే బాధ. తిన్నగా రివర్సు చేశాక కూడా రాకపోతే లోపల గేర్లను జరిపే సెలెక్టర్ ఫోర్కు వంగి ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ కేసు విప్పాల్సిందే.